చిప్‌ను రీసెట్‌లోంచి బయటికి తీసుకురావడం ఎలా

మా బావకు ఇందుకూరుపేట దగ్గర నాలుగు రొయ్యల గుంటలున్నాయి. రెండేళ్ల కిందట ఒకరోజు తెల్లవారుజామున మూడున్నరకు ఫోన్ చేశాడు. "రొయ్య పైకొచ్చేసిందిరా. కరెంటుంది, బాక్సులో లైటు వెలగతానే ఉంది, ఏరియేటర్లు మాత్రం తిరగడంలా" అన్నాడు. ఏరియేటర్లంటే నీళ్లలో గాలి కలిపే మోటార్లు, బాక్సంటే వాటిని ఆన్, ఆఫ్ చేసే కంట్రోలర్. వేదాయపాళెం నుంచి నేను బండి మీద వెళ్లేసరికి ఆయనే బాక్సును పక్కనపెట్టి, స్టార్టర్లు చేత్తో నొక్కి అన్నీ తిప్పేశాడు. అయినా రెండో గుంటలో కొంత సరుకు పోయింది. నీళ్లలో ఆక్సిజన్ అన్నిటికన్నా తక్కువుండేది తెల్లారే ముందే. పగలంతా ఆక్సిజన్ ఇచ్చే నాచు, చీకటి పడ్డాక రొయ్యతో పాటు తనూ పీల్చుకుంటుంది.

నా ఉద్యోగం చిప్ డిజైన్. కార్ల బ్రేకులు, స్టీరింగు నడిపే మైక్రోకంట్రోలర్లలో రీసెట్, క్లాక్ భాగం పద్నాలుగేళ్లుగా చూస్తున్నాను. రీసెట్ అంటే చిప్‌ను తెలిసిన మొదటి స్థితికి తెచ్చి పట్టి ఉంచే సంకేతం. క్లాక్ అంటే సున్నా, ఒకటి మధ్య లయగా మారుతూ లోపలి పనులన్నింటినీ నడిపే సంకేతం, అది మారే క్షణాన్ని క్లాక్ అంచు అంటాం. బావ వాళ్ల బాక్సు విప్పి టేబుల్ మీద పెట్టుకున్నాక చాలా బాధేసింది. అందులో కాలిపోయిన పార్టు ఒక్కటీ లేదు. రీసెట్ ఒక్కటే సరిగా లేదు.

మా అక్క కూతురు ఈసీఈ చదివి ఈమధ్యే బెంగళూరులో ఆర్‌టీఎల్ పనిలో, అంటే చిప్ లాజిక్‌ను కోడ్‌గా రాసే పనిలో చేరింది. తనకోసం రాసిపెట్టిన నోట్సునే ఇంకాస్త వివరంగా ఇక్కడ రాస్తున్నాను. ప్రాణాలతో ముడిపడ్డ చిప్పుల్లో పనిచేయబోయే పిల్లలకు ఇది ఉపయోగపడాలని నా కోరిక.

ముందు ఆ బాక్సు సంగతి

అందులో ఉన్నది 8051 రకం చిప్. దాని రీసెట్ పిన్‌కు 5 వోల్టుల నుంచి 10 మైక్రోఫారడ్ కెపాసిటర్, గ్రౌండ్‌కు 10 కిలోఓమ్‌ల రెసిస్టర్. మనం కాలేజీ ల్యాబుల్లో గీసిన బొమ్మే. కరెంటు రాగానే పిన్ 5 వోల్టులకు లేస్తుంది, కెపాసిటర్ నిండే కొద్దీ మెల్లగా సున్నాకు దిగుతుంది. పిన్ పైన ఉన్నంతసేపు చిప్ రీసెట్‌లో ఉంటుంది. కరెంటు పూర్తిగా పోయి, కాసేపాగి వస్తే ఇది బాగానే పనిచేస్తుంది.

మన ఫీడర్ల మీద కరెంటు అలా మర్యాదగా పోదు. ఒక్క క్షణం కుంగి మళ్లీ లేస్తుంది. వేరియాక్ (వోల్టేజీని తిప్పి మార్చుకునే ట్రాన్స్‌ఫార్మర్) పెట్టి నేను అదే చేసి చూశాను. 5 వోల్టుల సప్లై 2 వోల్టులకు పడి, 60 మిల్లీసెకన్లలో తిరిగొచ్చింది. ఆసిలోస్కోప్‌లో రీసెట్ పిన్ సుమారు రెండున్నర వోల్టుల దాకా లేచి దిగిపోయింది. ఆ పిన్‌ను చిప్ రీసెట్‌గా గుర్తించాలంటే సప్లైలో 70 శాతం, అంటే మూడున్నర వోల్టులు కావాలి. కెపాసిటర్‌లో పాత చార్జి ఇంకా మిగిలి ఉండటం వల్ల పిన్ అంత ఎత్తుకు లేవలేదు. ఇంకోపక్క చిప్ సరిగా నడవాలంటే కనీసం 4 వోల్టులుండాలి. 2 వోల్టుల దగ్గర ప్రోగ్రాం కౌంటర్‌లో, అంటే తరవాత ఏ ఆదేశం నడపాలో చూపే రిజిస్టర్‌లో, ఏ విలువ మిగిలిందో ఎవరూ చెప్పలేరు. సప్లై తిరిగొచ్చింది, రీసెట్ పడలేదు, చిప్ ఎక్కడో తెలియని చోట తిరుగుతూ ఉండిపోయింది. ప్రోగ్రాం వేళకు తట్టకపోతే రీసెట్ వేసే టైమర్‌ను వాచ్‌డాగ్ అంటారు. అది చిప్‌లోనే ఉంది గానీ ప్రోగ్రాంలో దాన్ని ఎవరూ ఆన్ చేయలేదు. లైటు మాత్రం నేరుగా సప్లై మీద ఉంది కాబట్టి వెలుగుతూనే ఉంది.

బోర్డు మీదైతే దీనికి మందు తేలికే. మ్యాక్స్809 లాంటి సూపర్‌వైజర్ చిప్ పెట్టాలి. 5 వోల్టుల సప్లైకి 4.63 వోల్టుల దగ్గర పట్టుకునే రకం దొరుకుతుంది. సప్లై దాని కిందికి పడగానే రీసెట్ వేస్తుంది, తిరిగొచ్చాక కనీసం 140 మిల్లీసెకన్లు పట్టి ఉంచి అప్పుడు వదులుతుంది. సప్లై 1 వోల్టుకు పడినా దాని అవుట్‌పుట్ నమ్మదగినదే. అంతకన్నా కిందికి కూడా నమ్మకం కావాలంటే అవుట్‌పుట్ నుంచి గ్రౌండ్‌కు 100 కిలోఓమ్‌ల రెసిస్టర్ వేయాలి. ఈ రకం రీసెట్ పిన్ కిందికి లాగుతుంది, 8051కి పైకి లాగేది కావాలి. కాబట్టి దాని జత మ్యాక్స్810 తీసుకోవాలి. కొనేటప్పుడు ఇది తప్పక చూసుకోండి.

రీసెట్‌లో ఉన్నప్పుడు ప్రపంచం ఎలా ఉండాలి?

ఇక చిప్ లోపలికి వద్దాం. రీసెట్ డిజైన్ అనగానే అందరూ ఫ్లిప్ ఫ్లాపులు (క్లాక్ అంచున ఒక్క బిట్‌ను పట్టి దాచుకునే సర్క్యూట్లు) గీయడం మొదలుపెడతారు. నా మాట విని ముందు ఒక కాగితం తీసుకోండి. చిప్‌కు ఎన్ని అవుట్‌పుట్ పిన్నులున్నాయో అన్నీ వరసగా రాయండి. క్లాక్ లేదు, ప్రోగ్రాం లేదు, రీసెట్ పడి ఉంది. ఆ సమయంలో ఒక్కో పిన్ సున్నాలో ఉండాలా, ఒకటిలో ఉండాలా, గాలిలో వదిలేయాలా? పక్కనే ఎందుకో రాయండి. కారణం రాయలేకపోతే ఆ పిన్ గురించి మీకింకా తెలియనట్టే.

బావ గుంటకు సురక్షితమైన స్థితి అంటే ఏరియేటర్లు తిరుగుతూ ఉండటం. మోటార్ నడిపే చిప్‌కు సరిగ్గా వ్యతిరేకం. పై స్విచ్, కింది స్విచ్ రెండూ ఒకేసారి ఆన్ అయితే సప్లై నేరుగా షార్ట్ అవుతుంది, అందుకని రీసెట్‌లో రెండూ ఆఫ్. ఎయిర్‌బ్యాగ్ చిప్ ఐతే పేలకూడదు. స్టీరింగులో ఇంకా కష్టం, ఎందుకంటే బండి పరుగులో ఉండగా సాయం హఠాత్తుగా ఆగిపోవడం కూడా ప్రమాదమే. దానికి రెండో ఛానల్ కావాలి, ఆ రెండో ఛానల్‌కు విడి రీసెట్ కావాలి.

ఈ కాగితంలోంచే మొదటి నియమం పుడుతుంది. అవుట్‌పుట్ పిన్నులను సురక్షిత స్థితికి తెచ్చే రీసెట్ క్లాక్ మీద ఆధారపడకూడదు. క్లాక్ పుట్టించే క్రిస్టల్ చచ్చిపోయిన రోజే మీకు రీసెట్ అవసరమవుతుంది. ఆరోజు క్లాక్ అంచు కోసం ఎదురుచూసే రీసెట్ ఎప్పటికీ పడదు.

వోల్టేజీని కనిపెట్టడం

ఇక్కడ లెక్క వేసి చూపిస్తాను, ఎందుకంటే దీన్ని అంచనాతో వదిలేసే వాళ్లను చాలామందిని చూశాను. చిప్ లోపలి లాజిక్‌కు అందే కోర్ సప్లై 1000 మిల్లీవోల్టులు అనుకోండి. రెగ్యులేటర్ తప్పు 3 శాతం, అంటే మంచి రోజుల్లో కూడా 970 దాకా దిగవచ్చు. సంకేతాలు వేళకు చేరతాయా అని చూసే టైమింగ్ వాళ్లు 900 మిల్లీవోల్టుల దాకా చిప్ నడుస్తుందని లెక్కచూసి సంతకం పెట్టారు. సప్లై కుంగితే కనిపెట్టి రీసెట్ వేసే బ్రౌన్ అవుట్ డిటెక్టర్ ఈ రెండింటి మధ్య పట్టాలి. 935 దగ్గర పెట్టి, దాని తప్పు 2 శాతం అనుకుంటే, 916 నుంచి 954 మధ్య ఎక్కడైనా పట్టవచ్చు. కింది అంచు 900 కన్నా పైన ఉంది, మంచిది. పై అంచు 970 కన్నా కింద ఉంది, అదీ మంచిదే. పట్టిన చోటే వదిలేస్తే సప్లైలో చిన్న అల వచ్చినప్పుడల్లా రీసెట్ పడుతూ లేస్తూ ఉంటుంది, కాబట్టి వదిలే వోల్టేజీ 10 మిల్లీవోల్టులు పైన పెడతాం. 964 అయింది. ఇంకా 6 మిగిలింది. ఈ 6 మిల్లీవోల్టుల్లోనే లోడ్ అలలన్నీ సర్దుకోవాలి. సరిపోవు అనిపిస్తే రెగ్యులేటర్‌ను మెరుగుపరచమని అడగాలి, లేదా టైమింగ్ వాళ్లను 880 దాకా చూడమనాలి. టైమింగ్ లెక్క మార్చకుండా డిటెక్టర్‌ను కిందికి జరిపి సరిపెట్టడం మాత్రం ఎప్పటికీ చేయకండి. చిప్ నడవని వోల్టేజీలో డిటెక్టర్ నిద్రపోతుంది.

వోల్టేజీ నెమ్మదిగా ఎక్కే సందర్భాన్ని కూడా చూడాలి. కొన్ని పవర్ ఆన్ రీసెట్ సర్క్యూట్లు సప్లై వేగంగా లేస్తేనే పనిచేస్తాయి. సెకను పాటు పాకుతూ ఎక్కే సప్లై పెడితే అవి తొందరపడి వదిలేస్తాయి. కాలాన్ని నమ్ముకున్న సర్క్యూట్ కన్నా మట్టాన్ని కొలిచే సర్క్యూట్ మేలు. బయటి రీసెట్ పిన్‌కు మాత్రం సన్నని గ్లిచ్ ఫిల్టర్ ఉండాలి. పక్కన రిలే పడినప్పుడు పుట్టే ముల్లులాంటి పల్స్‌కు కారు కంప్యూటర్ రీసెట్ కాకూడదు.

వేయడం తేలిక, వదలడమే పని

రీసెట్ వేయడానికి ముహూర్తం అక్కర్లేదు. వదలడానికి కావాలి. ప్రతి ఫ్లిప్ ఫ్లాప్‌కూ రికవరీ టైం అని ఒకటుంది, రిమూవల్ టైం అని ఇంకొకటుంది. క్లాక్ అంచుకు కాస్త ముందూ వెనకా ఆ కాలంలో రీసెట్ వదిలితే ఆ ఫ్లాప్ సున్నాకూ ఒకటికీ మధ్య ఊగిసలాడుతుంది, మెటాస్టేబుల్ అవుతుంది. చిప్‌లో లక్షల ఫ్లాపులు. వదిలిన సంకేతం కొన్నింటికి ఈ క్లాక్‌లో, కొన్నింటికి తరవాతి క్లాక్‌లో చేరితే, ఒకే స్టేట్ మెషీన్‌లో (ఒక స్థితి నుంచి ఇంకో స్థితికి వరసగా కదిలే లాజిక్‌లో) సగం మేలుకుని సగం పడుకుని ఉంటుంది.

ఇది నాకు అనుభవమే. నేను అప్పట్లో పనిచేసిన చోట ఒక చిప్ ల్యాబ్‌కు వచ్చింది. ఆన్, ఆఫ్ చేస్తూ పోతే దాదాపు మూడు వేల సార్లలో ఒకసారి లేచేది కాదు, అది కూడా చలిపెట్టెలో పెట్టినప్పుడే. పదకొండు రోజులు వెతికాం. చివరికి టైమింగ్ ఫైల్లో ఒక లైను దొరికింది. రీసెట్ నెట్ మొత్తాన్ని ఫాల్స్ పాత్, అంటే టైమింగ్ చూడక్కర్లేని దారి, అని రాసి ఉంది. అంటే టూల్ రికవరీ చెక్ చేయనే లేదు. ఐదు స్థితులకు ఐదు ఫ్లాపులుండి, ఎప్పుడూ ఒక్కటే ఒకటిలో ఉండాల్సిన మెషీన్‌లో ఒక ఫ్లాప్‌కు రీసెట్ ఒక క్లాక్ ఆలస్యంగా అందుతోంది. మెషీన్ ఏ స్థితిలోనూ లేని స్థితిలోకి వెళ్లిపోయేది.

దీనికి పద్ధతి పాతదే, గట్టిది. రెండు ఫ్లాపులు వరసగా పెట్టండి. మొదటిదాని డి పిన్‌ను (డేటా ఇన్‌పుట్‌ను) ఎప్పుడూ ఒకటికి కట్టేయండి. దాని అవుట్‌పుట్ రెండోదానికి, రెండోదాని అవుట్‌పుట్ ఆ క్లాక్ మీద నడిచే అన్ని ఫ్లాపులకూ రీసెట్‌గా. బయటినుంచి వచ్చే అసలు రీసెట్‌ను ఈ రెండింటి క్లియర్ పిన్‌కు (క్లాక్ లేకుండానే సున్నా చేసే పిన్‌కు) ఇవ్వండి. ఈ జతనే రీసెట్ సింక్రొనైజర్ అంటారు. రీసెట్ పడగానే క్లాక్‌తో పనిలేకుండా రెండూ సున్నా అవుతాయి, చిప్ అంతా రీసెట్‌లోకి వెళుతుంది. వదిలినప్పుడు మాత్రం ఒకటి అనేది రెండు క్లాక్ అంచులు దాటాకే బయటికి వస్తుంది, ఎప్పుడూ క్లాక్ అంచుతో కలిసే వస్తుంది.

"రెండెందుకు మావయ్యా, ఒకటి చాలదా?" అని మా అక్క కూతురు అడిగింది. మంచి ప్రశ్న. రీసెట్ వదిలిన క్షణం క్లాక్ అంచు దగ్గరే పడితే మొదటి ఫ్లాప్ ఊగిసలాడుతుంది, దాని లోపల సున్నా ఉంది, డి దగ్గర ఒకటి ఉంది కాబట్టి. అదే క్షణంలో రెండోదానికీ రీసెట్ వదిలాం గదా, అది ఊగదా? ఊగదు. దాని డి దగ్గరా సున్నాయే, లోపలా సున్నాయే. ఎటు తేల్చుకున్నా సున్నాయే వస్తుంది. ఈలోపు మొదటిదానికి కుదురుకోవడానికి పూర్తి క్లాక్ కాలం దొరుకుతుంది. ఆ రెండు ఫ్లాపులనూ పక్కపక్కనే పెట్టమని లేఅవుట్ వాళ్లకు చెప్పాలి. మధ్య తీగ పొడవైతే కుదురుకునే కాలం ఆ మేరకు తగ్గిపోతుంది. కోడ్‌ను గేట్లుగా మార్చే సింథసిస్ టూల్ వాటిని ముట్టుకోకుండా గుర్తు పెట్టాలి. వేగంగా నడిచే క్లాకుల్లో మూడోది కూడా వేస్తాం.

ఫాల్స్ పాత్ రాయాల్సింది ఈ రెండు ఫ్లాపుల క్లియర్ పిన్ల దాకా మాత్రమే. వాటి తరవాతి రీసెట్ చెట్టు మొత్తం రికవరీ, రిమూవల్ లెక్కల్లో పాసవ్వాలి. ఒక్కో క్లాక్‌కు ఒక్కో సింక్రొనైజర్ పెట్టండి. ఒకే క్లాక్‌కు రెండు చోట్ల రెండు పెడితే ఒకటి ఒక క్లాక్ ముందు వదలవచ్చు, మళ్లీ అదే రోగం. రీసెట్ దారిలో అండ్, ఆర్ గేట్లు పెట్టి నాలుగు కారణాలను కలుపుతున్నారా? ఆ గేట్ల ఇన్‌పుట్లు ఫ్లాపుల నుంచి నేరుగా రావాలి. లాజిక్ మధ్యలో పుట్టే గ్లిచ్ డేటా దారిలో అయితే క్లాక్ అంచు లోపు సర్దుకుంటుంది, రీసెట్ దారిలో అది నిజమైన రీసెట్టే అవుతుంది. స్కాన్ టెస్టుకు (ఫ్యాక్టరీలో ఫ్లాపులన్నింటినీ గొలుసుగా కలిపి చేసే పరీక్షకు) బైపాస్ మక్స్, అంటే దారి మార్చే స్విచ్, పెట్టడం మరవకండి. ఆ మక్స్‌ను నడిపే సంకేతం బండిలో ఉన్నప్పుడు ఎన్నటికీ మారకుండా లాక్ చేయండి.

అన్నీ ఒకేసారి వదలకండి. ఇది నాకు బావ నేర్పాడు. కరెంటొచ్చాక ఏరియేటర్లన్నీ ఒక్కసారే వేస్తే "జనరేటర్ కూర్చుంటదిరా" అంటాడు. మోటార్ లేచేటప్పుడు మామూలుకన్నా ఐదారు రెట్లు కరెంటు లాగుతుంది. అందుకే ఒకదాని తరవాత ఒకటి, మధ్యలో కాస్త ఆగి వేస్తాడు. చిప్‌లోనూ అంతే. అన్ని కోర్లూ (ప్రోగ్రాం నడిపే భాగాలు), మెమరీలూ ఒకే అంచున మేలుకుంటే సప్లై కుంగుతుంది, బ్రౌన్ అవుట్ పట్టుకుంటుంది, మళ్లీ రీసెట్ పడుతుంది. అలా గిరగిరా తిరుగుతూనే ఉంటుంది. ముందు క్లాక్ కుదరాలి, తరవాత మెమరీ, ఆపైన భాగాలను కలిపే బస్సు, చివర కోర్లు. ప్రతి మెట్టు ముందు "కిందటిది సిద్ధం" అన్న సంకేతం చూసి కదలాలి. ఎంతసేపున్నా ఆ సంకేతం రాకపోతే ఏం చేయాలో కూడా రాయాలి.

ఒక భాగాన్ని మాత్రమే రీసెట్ చేయాల్సి వస్తే పక్క భాగాల గతి ఆలోచించండి. బస్సు మీద అడిగింది అడిగినట్టే ఉండగా జవాబివ్వాల్సిన బ్లాకును రీసెట్ చేస్తే, అడిగిన కోర్ ఎప్పటికీ ఎదురుచూస్తూ ఉండిపోతుంది. ముందు కొత్తగా అడగడం ఆపండి, పెండింగువి పూర్తి కానివ్వండి, ఆ బ్లాకు అవుట్‌పుట్లను సురక్షిత విలువకు బిగించండి, ఆ తరవాత రీసెట్ వేయండి.

సేఫ్టీ చిప్ అయితే ఇంకా

కార్ల ఎలక్ట్రానిక్స్‌కు ఐఎస్‌ఓ 26262 ప్రమాణం ఉంది, 2011లో వచ్చింది, 2018లో రెండో కూర్పు. అందులో అన్నిటికన్నా కఠినమైన ఏసిల్ డి స్థాయికి, ఒక్క లోపంతోనే ప్రమాదం తెచ్చేవాటిలో 99 శాతం, బయటికి తెలియకుండా దాగుండే లోపాల్లో 90 శాతం కవరవ్వాలని లక్ష్యం. రీసెట్ ఈ రెండో లెక్కలో దొరికిపోతుంది. బ్రౌన్ అవుట్ డిటెక్టర్ చచ్చిపోతే సప్లై బాగున్నంత కాలం ఎవరికీ తెలియదు. అందుకని బండి స్టార్ట్ చేసిన ప్రతిసారీ డిటెక్టర్‌కు తప్పుడు వోల్టేజీ చూపించి, పట్టుకుందా లేదా అని పరీక్షించాలి. వాచ్‌డాగ్‌ను కూడా కావాలని ఆకలితో ఉంచి, అరిచిందా అని చూడాలి.

రెండు కోర్లు ఒకే పని చేస్తూ ఒకదాన్నొకటి పోల్చుకునే లాక్‌స్టెప్ చిప్పుల్లో ఇంకో చిక్కు. మామూలు చిప్‌లో డేటా రిజిస్టర్లకు రీసెట్ లేకపోయినా చెల్లుతుంది, వాడే ముందు ఏదో ఒకటి రాస్తాం కాబట్టి. లాక్‌స్టెప్‌లో ఆ రిజిస్టర్‌లో కరెంటు వచ్చినప్పుడు పడిన చెత్త విలువ రెండు కోర్లలో వేరువేరుగా ఉంటుంది. పోల్చే సర్క్యూట్ దాన్ని లోపమనుకుని అలారం కొడుతుంది. కాబట్టి అన్నింటికీ రీసెట్ ఇవ్వాలి, లేదా పోలిక మొదలవ్వకముందే ప్రోగ్రాం అన్నింటినీ నింపాలి. రెండు కోర్లనూ ఒకే రీసెట్ తీగకు వేలాడదీస్తే ఆ తీగ మీద ఒక్క గ్లిచ్‌కు రెండూ ఒకే రకంగా తప్పుచేస్తాయి, పోలిక పాసవుతుంది. విడి సింక్రొనైజర్లు, విడి చెట్లు, లేఅవుట్‌లో దూరం ఉండాలి.

వాచ్‌డాగ్ క్లాక్ కోర్ క్లాక్ నుంచి రాకూడదు. విండో రకం వాచ్‌డాగ్ ఎంచుకోండి, ప్రోగ్రాం ఆలస్యంగా తట్టినా అది ఒప్పుకోదు, తొందరపడి తట్టినా ఒప్పుకోదు. లూపులో చిక్కుకుని వాచ్‌డాగ్‌ను పదేపదే తడుతున్న ప్రోగ్రాంను మామూలు రకం పట్టుకోలేదు. రీసెట్ పడ్డాక మళ్లీ రీసెట్, మళ్లీ రీసెట్ పడుతుంటే లెక్కపెట్టండి. మూడోసారికో ఐదోసారికో ఆపేసి సురక్షిత స్థితిలో కూర్చోబెట్టండి.

శ్రీహరికోట నుంచి రాకెట్ లేచిన రోజు మా మేడ మీద నిలబడి చూస్తాం. ఆకాశం నిర్మలంగా ఉంటే నిప్పుచుక్క కనిపిస్తుంది. పైకెళ్లినదాన్ని ఎవరూ వెళ్లి ఆఫ్ చేసి ఆన్ చేయలేరు గదా అని ప్రతిసారీ అనుకుంటాను. 1997 జులై 4న అంగారకుడి మీద దిగిన పాత్‌ఫైండర్ కొద్ది రోజులకే తనంతట తాను రీసెట్ అవడం మొదలుపెట్టింది. తక్కువ ప్రాధాన్యం ఉన్న పని ఒక తాళం పట్టుకుని ఉండగా, మధ్య ప్రాధాన్యం పని అడ్డుపడి, ముఖ్యమైన పని సమయానికి పూర్తి కాలేదు. అది గమనించిన సిస్టం రీసెట్ వేసుకుంది. ఇక్కడ భూమి మీది నకలు యంత్రంలో అదే పరిస్థితి తెప్పించి, కారణం పట్టుకుని, సరిదిద్దిన సాఫ్ట్‌వేర్ పైకి పంపారు. రీసెట్ ఆ యంత్రాన్ని బతికించింది, కారణం వెతకడానికి వ్యవధి ఇచ్చింది.

అందుకే రీసెట్ కారణం రాసే రిజిస్టర్ పెట్టండి. అది మామూలు రీసెట్‌కు చెరగకూడదు, కరెంటు పూర్తిగా పోతేనే చెరగాలి. రెండు కారణాలు కలిసి వస్తే రెండూ నిలవాలి.

పరీక్షించేటప్పుడు

సిమ్యులేషన్‌లో మోసపోకండి. చిప్ లాజిక్ రాసే వెరిలాగ్ భాషలో ఇఫ్ షరతు తెలియని విలువ (ఎక్స్) అయితే సిమ్యులేటర్ నిశ్శబ్దంగా ఎల్స్ దారి పట్టేస్తుంది, రీసెట్ లేని ఫ్లాప్ మీకు కనబడకుండా పోతుంది. ఆ ఎక్స్‌ను దాచకుండా ముందుకు పంపే ఎక్స్ ప్రాపగేషన్ ఆన్ చేసి నడపండి, గేట్ లెవెల్‌లో టైమింగ్‌తో ఇంకోసారి నడపండి. రీసెట్‌ను ఎప్పుడూ సున్నా సమయంలోనే వేసి వదలకండి. మెమరీలోకి రాస్తుండగా వేయండి, వేసిన వెంటనే వదలండి, వదిలిన మూడో క్లాక్‌లో మళ్లీ వేయండి.

చిప్ చేతికొచ్చాక ప్రోగ్రామబుల్ సప్లై తీసుకుని కుంగుడు లోతు, వ్యవధి రెండూ మారుస్తూ గళ్ల కాగితం నింపినట్టు నింపండి. లోతు 50 మిల్లీవోల్టుల చొప్పున, వ్యవధి మైక్రోసెకను నుంచి సెకను దాకా. చలిలో, వేడిలో. ప్రతి గడిలో రెండే జవాబులకు చోటుంది. చిప్ ఆగకుండా నడిచింది, లేదా రీసెట్ పడి, కారణం రాసుకుని, శుభ్రంగా లేచింది. మూడో జవాబు ఒక్క గడిలో కనిపించినా చిప్‌ను ఉత్పత్తికి వదలడం ఆపమని అడగండి. తేదీ దగ్గరపడిందని అందరూ టెన్షన్ పడతారు, అయినా అడగండి.

బావ బాక్సుకు కూడా ఇదే గళ్ల పరీక్ష చేశాను. సూపర్‌వైజర్ వేశాను, వాచ్‌డాగ్ ఆన్ చేశాను, చిప్ రీసెట్‌లో ఉన్నా ఏరియేటర్లు వరసగా లేచేలా టైమర్ రిలేలు విడిగా పెట్టాను. కారణాల లెక్క చూపించే చిన్న డిస్‌ప్లే పెట్టాను. ఇప్పుడాయన రోజూ పొద్దున మేత వేయడానికి వెళ్లినప్పుడు దాన్ని చూసి పుస్తకంలో రాసుకుంటాడు. మొన్న గాలివాన రాత్రి తరవాత ఫోన్ చేశాడు. "రాత్రి పదిహేడుసార్లు పడిందిరా, అన్నీ వోల్టేజీకే. వాచ్‌డాగ్ సున్నా."